రొట్టె పట్టినవారికి ఆలోచన తక్కువా?

రొట్టెల పండుగ వచ్చిందంటే నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. కోరిక తీరాలని స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె పట్టేవారికి విశ్లేషణాశక్తి ఉండదనీ, ఆలోచనలో మునిగిన మనిషి శిల్పాన్ని చూపితే చాలు దైవవిశ్వాసం సడలుతుందని సైన్స్ తేల్చేసిందనీ దాని సారాంశం.

శిల్పం కథ 2012లో మనస్తత్వ పరిశోధకులు జెర్వేస్, నోరెంజాయన్ 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలోది. ఫ్రెంచి శిల్పి రోడాన్ చెక్కిన 'ది థింకర్' బొమ్మను చూసినవారు, డిస్కస్ విసిరే క్రీడాకారుడి బొమ్మను చూసినవారికంటే తమ దైవవిశ్వాసం తక్కువని చెప్పారు. పాల్గొన్నది 57 మంది మాత్రమే. అంతకంటే ఎంతో ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. పేరున్న 21 ప్రయోగాలను తిరిగి పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించినప్పుడు నిలబడని ఎనిమిదింటిలో ఇదీ ఒకటి. సందేశం పంపేవారికి ఈ రెండో సగం ఎందుకో చేరదు.

రెండో ఆధారం కొంత గట్టిది. బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు, బ్యాటు ధర బంతికంటే 100 ఎక్కువ అయితే బంతి ఎంత అన్న తరహా ప్రశ్నలకు (అసలుది డాలర్లలో ఉంటుంది) చప్పున 10 అనేస్తాం; ఆగి లెక్కిస్తే 5. ఇటువంటివాటిలో ఎక్కువ మార్కులు వచ్చినవారిలో విశ్వాసం సగటున కాస్త తక్కువగా ఉన్నట్టు అమెరికా అధ్యయనాలు పలుమార్లు చూపాయి. అయితే అదే జెర్వేస్ బృందం 13 దేశాల్లో పరిశీలించగా ఆ సంబంధం బలహీనమనీ, దేశాన్నిబట్టి మారుతుందనీ తేలింది. పైగా ఇది సహసంబంధమే, అంటే రెండూ కలిసి కనబడటమే తప్ప, ఒకటి రెండోదానికి కారణమని కాదు. పెంపకం, చుట్టూ ఉన్నవారి ఆచారం విశ్వాసాన్ని ఎంతో మలుస్తాయి.

సగటును పట్టుకుని ఎదుటి మనిషిని తూచడం మరో పొరపాటు. దీనికి జవాబుగా సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లే ఇస్రో అధిపతులను చూపడమూ నాకు సమ్మతం కాదు, ఒకరిద్దరి ఉదాహరణతో సగటు చెరగదు కనుక.

నిజంగా విశ్లేషించదలచినవారు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. కోరిక తీరినవారే మరుసటి ఏడు రొట్టె తెచ్చి పంచుతారు కనుక చెరువులో మనకు ఎదురయ్యేది వారే; తీరనివారు రొట్టె తేరు, లెక్కకూ రారు. ఈ ఎంపిక దోషాన్ని ఏ భక్తుడితోనైనా మర్యాదగా చర్చించవచ్చు. సందేశంలో మాత్రం దాని ఊసే లేదు.