చెవి కింద వాపంతా గవదబిళ్లలేనా?

"చెవి కింద వాపు వచ్చిందా? టెన్షన్ వద్దు, గవదబిళ్లలే" అని మొదలయ్యే ఆ మెసేజ్ మళ్లీ గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. పదిమందికి పంపితే పుణ్యమట. పంపినవాళ్ల పుణ్యం సంగతేమో గానీ, నమ్మినవాళ్లకు నష్టమే.

పెద్దవాళ్లకు రాదన్నది మొదటి మాట. వస్తుంది. చిన్నప్పుడు రాకుండా, టీకా కూడా వేయించుకోకుండా ఉన్నవాళ్లకు ఏ వయసులోనైనా రావచ్చు. మగవాళ్లకు వృషణాలు వాచే బెడద ఈడొచ్చాక వస్తేనే ఎక్కువ.

ఒంట్లో వేడి వల్ల వస్తుందట. కాదు, వైరస్ వల్ల. వాపు కనబడడానికి రెండు రోజుల ముందు నుంచి, కనబడ్డాక ఐదు రోజుల దాకా పక్కవాళ్లకు అంటుకుంటుంది. వేడి అంటుకోదు కదా!

మళ్లీ మళ్లీ వాచినా కంగారు పడొద్దన్నది ఇంకోటి. గవదబిళ్లలు రెండోసారి రావడం అరుదు. సరిగ్గా అందుకే, వాపు తిరిగొస్తుంటే వేరే కారణం వెతకాలి. తినేటప్పుడు ఉబ్బి, కాసేపటికి తగ్గుతుంటే లాలాజలం వచ్చే నాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు. రెండువైపులా వాచి, కళ్లూ నోరూ ఎండిపోతుంటే షోగ్రెన్ జబ్బేమో (ఒంటి రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద దాడి చేసే జబ్బు) చూడాలి. మంచాన పడి, నీళ్లు సరిగా తాగని ముసలివాళ్లకు ఒకవైపు ఎర్రబడి, ముట్టుకోనివ్వనంత నొప్పి, జ్వరం ఉంటే అది బ్యాక్టీరియా పని. దానికి యాంటీబయోటిక్ ఆలస్యం కాకూడదు. షుగర్, మద్యం, హెచ్‌ఐవీ వల్ల కూడా చెవి కింద ఉండే ఈ లాలాజల గ్రంథులు (పెరోటిడ్) వాస్తాయి.

ఇక నాకు ఒళ్లు మండిన మాట: "నొప్పి లేని గడ్డతో ప్రమాదం లేదు, వదిలేయండి." ఎవరు బాబూ ఇది రాసింది? ఈ పెరోటిడ్ గ్రంథిలో వచ్చే కణితులు చాలావరకు నొప్పి లేకుండానే, నెలలూ ఏళ్లూ మెల్లగా పెరుగుతాయి. వాటిలో దాదాపు 80 శాతం క్యాన్సర్ కావు, నిజమే. మిగతా 20 శాతం? పైగా క్యాన్సర్ కానివాటిలో ఎక్కువగా కనబడే ప్లియోమార్ఫిక్ అడినోమా కూడా ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథి మధ్యలోంచే వెళ్తుంది. గడ్డ ఉన్న వైపు కన్ను సరిగా మూతపడకపోయినా, మూతి వంకర పోయినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. గడ్డ సంగతి తేలేది అల్ట్రాసౌండ్‌తో, గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసే పరీక్షతో. ఫోన్‌లోంచి చెయ్యి చాపి గడ్డను నొక్కి చూసే సౌకర్యం వాట్సాప్‌లో ఇంకా రాలేదు.

చివరి చిట్కా, పుల్లటిది చప్పరించమనడం. దీన్ని కొట్టిపారేయలేను. నాళంలో చిన్న రాయి ఉంటే డాక్టర్లూ అదే చెబుతారు. లాలాజలం బాగా ఊరి, ఆ ఒత్తిడికి రాయి బయటికి రావచ్చు. గవదబిళ్లలప్పుడు మాత్రం పులుపు తగిలితే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మెసేజ్‌లో ఆ సలహా ఇచ్చింది గవదబిళ్లలకే.