మా ప్రహరీ పక్క వీధి దీపం వారికి

మహారాజశ్రీ వీధి దీపం వారి దివ్యసముఖమునకు,

గిడుగు వారు వ్యావహారికం కోసం అంత పోరాడిన పర్లాకిమిడికి అరగంట దూరంలో ఉంటూ ఈ గ్రాంథికపు పిలుపు ఏమిటని ఎవరైనా అడగవచ్చు. తిట్టవలసినవారిని ముందుగా గౌరవించడం మా ఇంటి ఆచారం.

నిన్న మార్గశిరంలో మొదటి లక్ష్మీవారం. పెరట్లో పన్నెండు కుండీల చామంతి పెట్టుకుని కూడా మా ఆవిడ పూజకు మూర నలభై రూపాయలు పోసి అదే చామంతి కొనుక్కొచ్చింది. పూలమ్మే ఒడియా ఆవిడ "మీ సేబతి ఏమైందమ్మా?" అని అడిగిందట; చామంతిని వాళ్లు అలాగే అంటారు. ఆ జవాబు తమరే చెప్పాలి.

ఆషాఢంలో పిలకలు విడదీసి నాటాను, నెల తిరిగాక తలలు తుంచాను, పేనుబంకకు వేపనూనె కొట్టాను. (పక్కింటి మేకకు వేరే లేఖ రాస్తాను.) మొక్కలు గుబురెక్కి నడుమెత్తు పెరిగాయి గానీ ఒక్క మొగ్గ తొడగలేదు. మిగిలిన పిలకను ఒక పగిలిన కుండీలో గుచ్చి నూతి వెనక పడేశాను. తమ చూపు ఆనని ఆ చోట, కింది ఆకులు ఎండి సాలెగూడు పట్టిన ఆ బక్క మొక్కకే బొత్తాలంత మొగ్గలు, రెండు పచ్చటి పూలు!

చామంతి ఆకులతో రాత్రిని కొలుస్తుంది. రాత్రులు పొడవైతేనే మొగ్గకు ఉపక్రమిస్తుంది. నడిరేయి కాసేపు వెలుగు పడినా ఆ రాత్రి లెక్కకు రాదు. తమరు భాద్రపదంలో వెలిసింది మొదలు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నారు కనుక నా మొక్కలకు ఇంకా జ్యేష్ఠమాసమే నడుస్తోంది. పూత ఆలస్యం కావడానికి పూల రైతులు డబ్బు పోసి వెలిగించుకునే దీపాల సేవను తమరు నాకు ఉచితంగా చేసిపెట్టారు. మొక్కలు పగటి నిడివిని గుర్తిస్తాయని అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు 1920లోనే పొగాకు, సోయా మొక్కల మీద తేల్చి ప్రకటించినా, తమరిని ఇక్కడ పాతినవారికి ఆ కబురు చేరినట్టు లేదు.

నిన్న మధ్యాహ్నమంతా ఫిర్యాదుకై నిలబడితే, దీపం వెలగకపోతే రాసుకునే పుస్తకం ఉంది గానీ వెలిగితే రాసుకునేది లేదని గుమస్తా గారు సెలవిచ్చారు. ఒరే దీపమా, వీధికి వెలుగివ్వమని నిలబెడితే రాత్రంతా నా పెరట్లోకి తొంగిచూస్తావేమిరా? నీకు కునుకు లేకపోతే నా మొక్కలకూ ఉండకూడదా?

రాయి తీసుకున్న మాట నిజం. కాని పోయిన ఏడు శ్రావణంలో చీకట్లో మురుగు కాలువలో పడి కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి నేనే. తమరిని నిలబెట్టమన్న అర్జీ మీద మొదటి సంతకమూ నాదే. అందుకే రాయి కింద పెట్టి, పన్నెండు కుండీలను ఒక్కొక్కటిగా నూతి వెనక్కి మోశాను. పొద్దున్నే మళ్ళీ ఎండలోకి మోయాలి. మోసేటప్పుడు గట్టు మీద కాలు జారకుండా కాపాడింది తమ వెలుగేనని ఒప్పుకోక తప్పడం లేదు.

ఇట్లు,
తమ వెలుగులో నిద్రపట్టని పెరటి యజమాని