బొమ్మలు వేయడానికి మూడేళ్ల చదువా?

పోయిన వేసవిలో ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగు సంఘం వాళ్లందరం కలిసినప్పుడు ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. "ఏమ్మా, ఉద్యోగం మానేసి చదువుకుంటున్నావట, ఏం చదువు?" ఆర్ట్ సైకోథెరపీలో, అంటే బొమ్మలు వేయించడం ద్వారా చేసే మానసిక చికిత్సలో, మాస్టర్స్ అని చెప్పాను, పార్ట్‌టైమ్ కాబట్టి మూడేళ్లు పడుతుందన్నాను. "బొమ్మలు వేయించడమేగా తల్లీ, దానికి మూడేళ్లా?" అన్నారు. ఆయన మాటలో ఎగతాళి లేదు. నా మీద అభిమానంతో, నా ఇంటి ఖర్చుల గురించిన దిగులుతో అడిగారు. ప్లేటు చేత్తో పట్టుకుని రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. "తీరిగ్గా చెప్తాను అంకుల్" అన్నాను. ఇదిగో, చెబుతున్నాను.

ముందుగా ఒక విషయం. బ్రిటన్‌లో 'ఆర్ట్ సైకోథెరపిస్ట్', 'ఆర్ట్ థెరపిస్ట్' అన్న పేర్లను ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడానికి వీల్లేదు. వృత్తిలో ఉన్నవాళ్ల పేర్లు నమోదు చేసి అజమాయిషీ చేసే సంస్థలు ఉంటాయి, డాక్టర్లకు జీఎంసీ ఎలాగో మాకు హెచ్‌సీపీసీ అలాగ. ఫిజియోథెరపిస్టులు, పారామెడిక్‌లు ఉండే రిజిస్టరే మాదీ. ఆ సంస్థ ఆమోదించిన కోర్సు పూర్తి చేసి, రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అది లేకుండా ఆ పేరుతో ప్రాక్టీసు పెడితే చట్టప్రకారం నేరం. వారాంతంలో రెండు రోజుల వర్క్‌షాప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోదు. రంగులు నింపుకునే పుస్తకాలు మనసుకు హాయినిస్తాయి, కాదనను. కానీ చికిత్స వేరు.

ఈ పేరు పుట్టిందీ ఈ దేశంలోనే. 1938లో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు క్షయతో ససెక్స్‌లోని మిడ్‌హర్స్ట్ శానిటోరియంలో చేరాడు. నెలల తరబడి మంచం మీద ఉంటూ బొమ్మలు వేసుకున్నాడు. తనకు అది ఎంత ఆసరా అయిందో చూసుకుని తోటి రోగులకూ పెన్సిళ్లు అందించాడు. 1942లో 'ఆర్ట్ థెరపీ' అనే మాట వాడింది ఆయనే. ఆ తర్వాత 1946లో ఎడ్వర్డ్ ఆడమ్సన్ సర్రేలోని నెథర్న్ మానసిక ఆసుపత్రిలో పనిలో చేరాడు. తాళాలు వేసిన వార్డుల్లోంచి వచ్చినవాళ్లకు ఒక స్టూడియో ఇచ్చి, వాళ్లు వేస్తుంటే పక్కన ఉండేవాడు. "ఇది బాగుంది, అది బాగాలేదు" అనేవాడు కాదు, బొమ్మకు అర్థాలు చెప్పేవాడూ కాదు. ఆ రోగులు వేసిన వేల బొమ్మల్ని ఆయన దాచబట్టే ఇవాళ లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్ మ్యూజియంలో ఉన్నాయి. 1964లో ఆర్ట్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1997లో గానీ రాలేదు. అంటే పేరు పెట్టినప్పటి నుంచి గుర్తింపు దాకా యాభై ఐదేళ్లు పట్టింది.

ఇక చదువు సంగతి. ఫుల్‌టైమ్ అయితే రెండేళ్లు, పార్ట్‌టైమ్ అయితే సాధారణంగా మూడు. ఆర్ట్ డిగ్రీ ఉన్నవాళ్లు వస్తారు. టీచర్లు, నర్సులు, సైకాలజీ చదివినవాళ్లు కూడా వస్తారు, కాకపోతే సొంతంగా బొమ్మలు వేసే అలవాటు ఉండాలి. పోర్ట్‌ఫోలియో చూపించాలి. నైపుణ్యం కంటే, ఈ మనిషికి రంగుతో, మట్టితో నిజంగా స్నేహం ఉందా అని చూస్తారు. కష్టంలో ఉన్న మనుషుల మధ్య కొంతకాలం పనిచేసి ఉండటం కూడా అడుగుతారు. నేను పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఆ అనుభవం అక్కరకు రాలేదు. శనివారాల్లో డిమెన్షియా ఉన్న పెద్దలతో చేసిన వాలంటీర్ పని అక్కరకు వచ్చింది.

లెక్చర్లు, వ్యాసాలు అన్ని కోర్సుల్లో ఉండేవే. వాటి గురించి రాయను. నన్ను కుదిపేసింది ఎక్స్‌పీరియెన్షియల్ గ్రూప్ అనే క్లాసు. పేరుకు క్లాసే గానీ పాఠం ఉండదు. గుండ్రంగా కుర్చీలు, ఒక వైపు బల్ల మీద పోస్టర్ రంగులు, బొగ్గు కడ్డీలు, బంకమట్టి, పాత పత్రికలు. ఏం వేయాలో ఎవరూ చెప్పరు. నడిపే ఆవిడ ఎక్కువ మాట్లాడరు. వేసింది వేసి, మధ్యలో నేల మీద పెట్టి, చుట్టూ కూర్చుని ఒకరితో ఒకరం మాట్లాడుకోవాలి.

మొదటి ఐదు వారాలు నేను ఏం చేశానో నాకే తెలియలేదు. అందరి బ్రష్షులు కడిగాను. జాడీల్లో నీళ్లు మురికి కాగానే పారబోసి మంచి నీళ్లు పట్టుకొచ్చాను. ఎవరికైనా పెద్ద కాగితం దొరక్కపోతే నాది తీసి ఇచ్చాను. మిగిలిన పది నిమిషాల్లో ఏదో ఒక పువ్వో, గీతలో వేసి పెట్టేదాన్ని. ఆరో వారం సింకు దగ్గర ఉండగా తోటి విద్యార్థిని ఒకమ్మాయి మెల్లగా అంది: "నా జాడీలో నీళ్లు ఎన్నిసార్లు మార్చావో నాకు గుర్తుంది. నువ్వు వేసిన బొమ్మ ఒక్కటి కూడా గుర్తు లేదు."

కుళాయి అలా కారుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. సాయం చేయడం కూడా తప్పేనా అనుకున్నాను. ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. రెండు రోజులకు గానీ అసలు సంగతి తలకెక్కలేదు. రేపు నా ఎదురుగా ఒక మనిషి కూర్చుని, తన దుఃఖాన్ని నల్లటి మరకగా కాగితం మీద పోస్తే నా చేతులు ఏం చేస్తాయి? గుడ్డ తీసుకుని తుడవడానికే వెళ్తాయి. నోరు "ఏం ఫర్వాలేదులే" అంటుంది. అలా తుడిచేస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ నా ముందు ఆ మరక వేయడు. ఏడో వారం నేను సింకు వైపు వెళ్లలేదు. బూడిద రంగు చేత్తోనే తీసుకుని రాస్తూ పోయాను. కాగితం తడికి నాని మధ్యలో చిరిగింది. అతికించలేదు. అలాగే తీసుకెళ్లి మధ్యలో పెట్టాను.

అంకుల్ అడిగిన మూడేళ్లలో చాలా భాగం దీనికే పోతుంది. ఎదుటివాళ్ల బాధను వెంటనే సర్దిపెట్టేయాలనే తొందరను మన చేతుల్లోంచి తీయడానికి. మన ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలకు, అందులోనూ పెద్దకూతుళ్లకు, ఈ తొందర మరీ ఎక్కువని నా నమ్మకం.

చదువుతో పాటే ప్లేస్‌మెంట్లు, అంటే నిజమైన మనుషులతో పనిచేస్తూ నేర్చుకునే రోజులు, ఉంటాయి. బడి, ఆసుపత్రి వార్డు, ఛారిటీ, ఎక్కడైనా కావచ్చు. నేను చూసే మనుషుల గురించి ఇక్కడ ఒక్క అక్షరం రాయకూడదు, రాయను. కానీ బొమ్మల గురించి ఒకటి చెప్పవచ్చు. సెషన్ అయ్యాక వాటిని గోడకు తగిలించం. ఆ మనిషి పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెట్టి బీరువాకు తాళం వేస్తాం. చికిత్స నడిచినంత కాలం వాటిని కాపాడటం మా బాధ్యత. చివర్లో ఆ ఫోల్డర్ ముందు పెట్టుకుని మొదటి నుంచీ అన్నీ కలిసి చూస్తాం. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్నది ఆ మనిషి ఇష్టం. మన దగ్గర పిల్లవాడు బొమ్మ వేస్తే క్షణాల్లో ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాం, ముద్దొస్తుంది కాబట్టి. ఎవరూ చూడని, ఎవరూ మెచ్చుకోనక్కర్లేని బొమ్మ వేసుకునే చోటు కూడా పిల్లలకు ఒకటి కావాలి.

ఇక పర్సనల్ థెరపీ. చదువుతున్నంత కాలం మనమూ ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాలి. నా కోర్సులో అది తప్పనిసరి. మా బంధువుల్లో ఈ విషయం విన్నవాళ్లు కంగారుపడ్డారు. "నీకేమైందే?" అని మా పిన్ని ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. ఏమీ కాలేదు పిన్నీ, రోగి కుర్చీలో ఎలా ఉంటుందో తెలియకుండా ఇంకొకరిని అందులో కూర్చోబెట్టకూడదు, అంతే అన్నాను.

నా థెరపిస్ట్ ఇంగ్లీషావిడ. మా అమ్మ చివరి రోజుల గురించి చెబుతూ ఒకసారి బెంగ అనే మాట దగ్గర ఆగిపోయాను. హోమ్‌సిక్ అన్నాను, కాదు. యాంగ్జైటీ అన్నాను, అదీ కాదు. గ్రీఫ్ అసలే కాదు, అప్పటికి అమ్మ బతికే ఉంది. చివరికి మట్టి తీసుకుని గిన్నెలా చేసి, లోపలి వైపు వేలితో గీరుతూ గీరుతూ కూర్చున్నాను, అడుగు కాగితంలా పలచనయ్యే దాకా. ఆవిడ ఇది ఫలానా అని చెప్పలేదు. "మీ భాషలో దాన్ని ఏమంటారు?" అని అడిగారు. బెంగ అన్నాను. ఆవిడ నెమ్మదిగా, తప్పుగా, ఆ మాట పలికారు. అప్పుడు వచ్చింది ఏడుపు.

బొమ్మకు భాష అక్కర్లేదు, అది అందరికీ అర్థమవుతుంది అంటుంటారు చాలామంది. ఈ మాటతో నాకు పేచీ ఉంది. బొమ్మ నోరు తెరిపిస్తుంది, నిజమే. తెరుచుకున్న నోటికి మాట కావాలి. మన పెద్దవాళ్లు జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, ఇచ్చే పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో "నీరసంగా ఉంది", "గుండెల్లో దడగా ఉంది", "మనసు మనసులో లేదు" అంటారు. పక్కన కొడుకో కోడలో ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు. కోడలి గురించే దిగులైతే ఆ మాట ఎలా బయటికొస్తుంది? తెలుగు విన్న చెవితో, శిక్షణ పొందిన మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి. నేను ఈ చదువులోకి రావడానికి కారణం ఇదే.

మన సంఘంలో డాక్టర్లకు కొదవలేదు. ఒక సైకియాట్రిస్టు గారు నన్ను సూటిగా అడిగారు, దీనికి ఆధారాలున్నాయా అని. అడగాల్సిన ప్రశ్నే. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద ట్రయల్ మాకు అనుకూలంగా రాలేదు. స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందిలో, గ్రూప్ ఆర్ట్ థెరపీ అదనంగా ఇచ్చినవాళ్లకూ మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లకూ రెండేళ్ల తర్వాత తేడా కనబడలేదు. గ్రూపుకు పంపినవాళ్లలో చాలామంది రాలేదు, వచ్చినవాళ్లూ తరచుగా రాలేదు అన్నది కూడా ఆ ఫలితంలో భాగమే. ఏ చికిత్స ఎవరికివ్వాలో ఇంగ్లండ్‌లో సూచించే నైస్ అనే సంస్థ 2014 నాటి మార్గదర్శకాలు మాత్రం సైకోసిస్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ముడుచుకుపోవడం, ఉత్సాహం చచ్చిపోవడం లాంటి లక్షణాలున్నప్పుడు ఆర్ట్స్ థెరపీలను పరిశీలించమంటున్నాయి, అదీ రిజిస్టరైన థెరపిస్టుల చేతనే. ఆ ట్రయల్ ఫలితాన్ని నేను దాచను. ఆర్ట్ థెరపీ అందరికీ పనిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎవరికి, ఎప్పుడు, ఎలా ఇస్తే పనిచేస్తుందో ఇంకా తేలాల్సినది చాలా ఉంది. సరిగా చదువుకున్నవాళ్లు ఎక్కువమంది రావాలనడానికి నాకు అదే కారణంగా కనిపిస్తుంది.

చివరిగా డబ్బు, అంకుల్ అసలు దిగులు అదే కదా. ఇంగ్లండ్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటివి చదివే అర్హులైన విద్యార్థులకు ఏడాదికి 5,000 పౌండ్ల ట్రైనింగ్ గ్రాంట్ ఉంది, తిరిగి కట్టనక్కర్లేదు. ఆర్ట్ థెరపీ ఆ జాబితాలో లేదు. అదే రిజిస్టర్‌లో ఉండే వృత్తికి ఈ తేడా ఎందుకో నాకు అర్థం కాదు, ఇది అన్యాయమని గట్టిగా అంటాను. మాస్టర్స్ లోన్ నా ఫీజుకే సరిపోయింది. ప్లేస్‌మెంట్ రోజులకు జీతం లేదు. పర్సనల్ థెరపీ వారానికి 55 పౌండ్లు, ఏడాదికి నలభై వారాలు లెక్కేసుకుంటే 2,200. ఉద్యోగం వస్తే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో సాధారణంగా బ్యాండ్ 6 అనే జీతం స్థాయితో మొదలు. మా ఆయన జీతం ఉంది కాబట్టి నేను చదవగలుగుతున్నాను. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న అమ్మాయి, ఇంటికి డబ్బు పంపాల్సిన కుర్రాడు ఈ లెక్క చూసి వెనక్కి తగ్గుతారు. అలా తగ్గిన ఒకమ్మాయి నాకు తెలుసు. నాకంటే బాగా వినగలదు, నాకంటే బాగా వేస్తుంది. ఇప్పుడు కాల్ సెంటర్‌లో పనిచేస్తోంది.

మన సంఘం ఏటా వేదిక అలంకరణకూ లైట్లకూ మైకులకూ డబ్బు పెడుతుంది, పెట్టాలి కూడా. దాంతో పాటు ఆ 2,200 పౌండ్లు కూడా బడ్జెట్‌లో ఒక పద్దుగా రాయమని అడుగుతున్నాను. ఏడాదికి ఒక్కరు, ఈ చదువులో ఉన్న తెలుగు విద్యార్థి ఒక్కరి పర్సనల్ థెరపీ ఖర్చు. నాకు వద్దు, నేను దరఖాస్తు పెట్టను. సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చమని కార్యదర్శి గారికి ఉత్తరం ఇచ్చాను. ఆ రోజు సైకియాట్రిస్టు గారిని, ఆ అంకుల్‌ని కూడా తప్పకుండా రమ్మని పిలిచాను.