గోలలో గమకాలు వినగలిగినవారికి

సంగీత విమర్శకుల సంఖ్య ఎంత పెరిగినా వారి ఫిర్యాదులు మాత్రం శ్రుతి తప్పిందనీ, లయ జారిందనీ, సాహిత్యం వినబడలేదనీ, ఈ మూడింటి దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ మూడింటికీ అవకాశమే ఇవ్వని కళాకారుడు ఒక్కడైనా ఉండాలని కోరుకునేవారు గోలనే సంగీతంగా వినిపించే ‘నాయిస్’ శైలికి చెందిన టోక్యో కళాకారుడు మసామీ అకితాను ఆశ్రయించవలసి ఉంటుంది. మెర్జ్‌బౌ అన్న పేరుతో ఆయన వెలువరించిన ఆల్బమ్‌లు వందల్లో ఉన్నా, 1996లో అమెరికాలోని రిలాప్స్ రికార్డ్స్ విడుదల చేసిన ‘పల్స్ డీమన్’కు నిర్దోషత్వంలో సాటి రాగలవి తక్కువ. 70 నిమిషాలు దాటిన ఆ ఆల్బమ్‌లో శ్రుతి లేదు కనుక తప్పదు, తాళం లేదు కనుక జారదు. సాహిత్యం అసలే లేదు కనుక గాయకుడి ఉచ్చారణను ఖండిస్తూ ఎవరూ సంపాదకుడికి ఉత్తరం రాయనక్కరలేదు.

ఆయన పద్ధతి గౌరవనీయమైనది. పాత ఇనుప ముక్కలకు, స్ప్రింగులకు వస్తువుల కంపనాన్నే పట్టుకునే కాంటాక్ట్ మైకులు బిగించి, ఆ చప్పుడును ధ్వనిని మార్చే ఎఫెక్ట్ పెడళ్ళ వరుసలోంచి పంపి, బయటికి వచ్చినదాన్ని తిరిగి లోపలికే తోలి, యంత్రం ఇక నా వల్ల కాదని అరిచే దాకా విడిచిపెట్టరు. ఆల్బమ్‌లోని మొదటి రెండు అంశాల పేర్లు ‘వుడ్‌పెకర్ నెం. 1’, ‘వుడ్‌పెకర్ నెం. 2’. రెండింటికీ తేడా ఏమిటని అడిగే పామరులు ఉంటారు. దీర్ఘ శ్రవణంలో నాకు తేలినదేమిటంటే, మొదటిదానిలో వడ్రంగిపిట్ట చెట్టును పొడుస్తుంది, రెండవదానిలో ఆ చెట్టు తిరగబడుతుంది. ‘మై స్టేషన్ రాక్’లో రాక్ ఎక్కడుందో, ‘అల్ట్రా మెరీన్ బ్లూస్’లో బ్లూస్ ఎక్కడుందో మాత్రం ఇంకా తేలవలసి ఉంది.

మెర్జ్‌బౌ అన్న పేరు వెనుక చరిత్ర కూడా ఉంది. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ హనోవర్‌లోని తన ఇంట్లో పారేసిన వస్తువులతో ఏళ్ళ తరబడి నిర్మించిన ‘మెర్జ్‌బౌ’ 1943లో బాంబు దాడికి నేలమట్టమైంది. అకితా పేరు తీసుకున్నది ఆ నిర్మాణం నుంచి. ధ్వని తీసుకున్నది ఆ దాడి నుంచేమోనన్న అనుమానం వినేవారికి కలిగితే అది వారి తప్పు కాదు.

ఇంతటి గోల చేసే మనిషి కఠినాత్ముడని భావించడం పొరపాటు. ఆయన మాంసం, పాలు, గుడ్లు ముట్టని శాకాహారి, జంతువుల హక్కుల కోసం గట్టిగా వాదించేవాడు. జపాన్‌లోని ఎనోషిమా ఆక్వేరియంలో ఉండిన మినాజో అనే ఏనుగు సీల్‌కు (ఇదొక సముద్ర జంతువు) ఒక ఆల్బమ్‌నే అంకితమిచ్చారు. మనుషుల చెవులకు మాత్రం ఆ కరుణ ఇంతవరకూ వర్తించలేదు.

ఒక్క ఆల్బమ్‌తో తృప్తి చెందని రసికుల కోసం 2000లో ఆస్ట్రేలియాకు చెందిన ఎక్స్‌ట్రీమ్ సంస్థ ‘మెర్జ్‌బాక్స్’ పేరిట 50 సీడీల పెట్టెను 1000 ప్రతులకే పరిమితం చేసి విడుదల చేసింది. కొన్నవారిని 37వ సీడీ ఎలా ఉందని అడగడం మర్యాద కాదు. వారు అద్భుతమనే అంటారు, కాదని రుజువు చేయడానికి మనం దాని ముందున్న 36 సీడీలూ వినవలసి వస్తుంది.