మాటముచ్చటకు ఒక డబ్లింగ్ క్యూబ్

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దమనుషులకు తలా ఒక డబ్లింగ్ క్యూబ్ ఉచితంగా పంచాలని ప్రభుత్వాన్ని ఇందుమూలంగా కోరుతున్నాను.

బ్యాక్‌గామన్ అంటే ఇద్దరు పాచికలేసుకుంటూ చెరి పదిహేను బిళ్లలను ఇంటికి తెచ్చి దాటించే ఆట. మన పచ్చీసుకు దూరపు చుట్టం అనుకోండి. 1920ల్లో న్యూయార్క్ క్లబ్బుల్లో దీనికి, పందెం ఎంతకు పెరిగిందో చూపే ఈ డబ్లింగ్ క్యూబ్ వచ్చి చేరింది. ఆరు ముఖాల మీద 2, 4, 8, 16, 32, 64 ఉంటాయి. ఒకటి లేదు. అందుకని మొదట్లో 64ను పైకి పెట్టి, దాన్నే ఒకటి అనుకుంటారు. జడ్చర్ల హైవే పక్కన ప్లాట్ల బేరం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

ఆట తనవైపు తిరిగిందనుకున్నవాడు పాచికలు వేయకముందే 'డబుల్' అంటాడు. అవతలివాడు సరేనంటే పందెం రెట్టింపు. వద్దంటే ఉన్న పందెం ఇచ్చి లేస్తాడు. సరేనన్నవాడికే క్యూబ్ దక్కుతుంది. మళ్లీ పెంచే హక్కు ఇక అతడిదే.

ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దేవరకొండలో మా అక్క బిడ్డకు జరిగిన మాటముచ్చట గుర్తొచ్చింది. 1961 చట్టం ప్రకారం కట్నం అడిగినా, ఇచ్చినా నేరమే కాబట్టి అక్కడ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. "మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటారో" అన్నారంతే. పది తులాలన్నారు, బావ సరేనన్నాడు. ఆట ధర్మం ప్రకారం ఇక అడగాల్సింది బావ. కానీ కారు అని మళ్లీ వాళ్లే అడిగారు. సరేనన్నాడు. ప్లాటు అనీ వాళ్లే అడిగారు. క్యూబ్ ఒక్కసారైనా చాప ఇవతలికి రాలేదు.

"వద్దనొచ్చు కదా బావా?"

"పరువు పోదారా!"

లెక్క చెప్పాను. ఆటకు పందెం ఒకటి అనుకుంటే, డబుల్ అనగానే నాలుగు ఆటలు వదులుకుంటే నాలుగు పోతాయి. నాలుగూ రెండేసి పందేనికి ఒప్పుకొని ఒకటే గెలిస్తే ఆరు పోయి రెండొస్తాయి, నికరంగా పోయేది అదే నాలుగు. కాబట్టి పావలా వంతు ఆశ కూడా లేనప్పుడు లేచిపోవాలి. (పావలా బిళ్ల 2011లోనే చెల్లకుండా పోయింది. లెక్క ఇంకా చెల్లుతుంది.) లేస్తే పోయేది నాలుగు ప్లేట్ల మిక్చర్, ఒక ఆదివారం.

క్రాఫర్డ్ నిబంధన అని ఇంకోటుంది. మ్యాచ్ గెలవడానికి ఒకరికి ఒక్క పాయింటే మిగిలితే, ఆ వెంటనే వచ్చే ఆటలో ఎవరూ డబుల్ అనకూడదు. పత్రికలు పంచి, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సిచ్చి, యాటలను తెచ్చి కట్టేశాక "మా పెద్దల్లుడికి ఉంగరం" అనేవాళ్లకు దీన్ని మించిన మందు లేదు.

పోయిన ఆదివారం రెండో విడత మాటలకు క్యూబ్ పట్టుకెళ్లి తాంబూలం పళ్లెంలో పెట్టాను. నిబంధనలన్నీ విడమరిచి చెప్పాను. పిల్లగాని మేనమామ ఎంతో శ్రద్ధగా విన్నాడు. క్యూబును చేతిలోకి తీసుకొని ఆరు దిక్కులా తిప్పి చూశాడు.

"అంతా మంచిగనే ఉంది గాని అన్నా, 128 ఏ దిక్కున్నది?"