మాకే రోగమూ లేదు, సరదాకే తొక్కుతున్నాం

ముందే చెప్పేస్తున్నా, మళ్ళీ మళ్ళీ అడగొద్దు. మా ఆయనకి నడుం విరగలేదు. నాకు మోకాళ్ళు అరగలేదు. ఇద్దరిలో ఎవరికీ పక్షవాతం రాలేదు, షుగరు డాక్టరు బెదిరించలేదు, పెట్రోలు పోయించుకోలేక బండి అమ్ముకోలేదు. ఆదివారం తెల్లారకముందే మేమిద్దరం ఆ వింత సైకిళ్ళేసుకుని అనంతపురం దాటి పోతున్నామంటే, పోవాలనిపించి పోతున్నాం. అంతకు మించి కథ లేదు.

ఇంత గట్టిగా చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మొన్నొక పెళ్ళిలో దూరపు చుట్టం ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. "వదినా, అన్నకి ఆపరేషనయిందంట గదా, ఒక్క మాటన్నా చెప్పకపోతివే" అని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది. నేను బిత్తరపోయి చూస్తే, ఆ అన్న బంతిలో కూర్చుని ఓళిగ మీద ఇంకో గరిటె నెయ్యి వేయించుకుంటున్నాడు. ఆమెకి ఆ వార్త ఎవరిచ్చారయ్యా అంటే, ఎవరూ ఇవ్వలేదు. తాడిపత్రి రోడ్డులో మా ఇద్దరినీ బస్సు కిటికీలోంచి చూసి, తనంతట తనే ఆపరేషన్ చేసేసింది.

చూడని వాళ్ళ కోసం చెప్తా. మావి రికంబెంట్ సైకిళ్ళు. పడక్కుర్చీకి చక్రాలు తగిలించినట్టుంటాయి. వెనక్కి ఆనుకుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కాలి. ఆయనది రెండు చక్రాలది, నాది మూడు చక్రాల ట్రైక్. ముందు రెండు, వెనక ఒకటి. చేతిపిడులు తొడల పక్కన ఉంటాయి, భుజాలు వేలాడేసుకుని పట్టుకోవచ్చు. పెడళ్ళు ఎక్కడో ముందు, గేర్లు వెనక చక్రం దగ్గర, కాబట్టి మామూలు సైకిలు చైన్లు రెండున్నర అతికిస్తే గానీ దీని చైను పొడవు రాదు. బెంగుళూరులో ఉద్యోగం మానేసి పోతున్న ఒకాయన దగ్గర రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ధర అడక్కండి, మా అత్తగారికి ఇంకా తెలీదు.

ఇక అసలు సంగతికొస్తా. మన ఊళ్ళలో నడివయసు దాటిన మొగుడూ పెళ్ళాం కలిసి బయటికి పోవాలంటే మూడే దార్లు: గుడి, ఆసుపత్రి, శుభకార్యం. తిరుపతికి నడుస్తామంటే దారిపొడుగునా మజ్జిగిచ్చి దండం పెడతారు. డాక్టరు చెప్పాడని జేఎన్‌టీయూ గ్రౌండులో చుట్లు కొడితే మెచ్చుకుంటారు. ఏ కారణమూ లేకుండా, ఎక్కడికీ చేరకుండా, ఇద్దరూ నవ్వుకుంటూ ఇరవై ముప్పై కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చారంటే మాత్రం ఎవరికీ మింగుడు పడదు. ఏదో ఒకటి ఉండాలి. రోగమన్నా ఉండాలి, మొక్కన్నా ఉండాలి, గిన్నిస్ బుక్కన్నా ఉండాలి. "పర్యావరణం కోసమా మేడం?" అని ఒక పిల్లోడు ఫోను కెమెరా పెట్టి అడిగాడు. కాదు నాయనా, నా కోసం అంటే, ఫోను దించేసుకున్నాడు పాపం.

ఆడమనిషి రోడ్డు మీద వెనక్కి వాలి కూర్చోవడం ఇంకొందరికి గిట్టదు. ఇదే మనిషి స్కూటర్ మీద ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో పిల్లాణ్ణి, చేతిలో స్టీలు క్యారియర్ పట్టుకుని, చీర చెంగు చక్రంలో పడుతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయినన్నాళ్ళూ ఎవరికీ కళ్ళు నొప్పి పుట్టలేదు. ఇప్పుడు సల్వార్ కమీజు, టోపీ, మూడు చక్రాల మీద కదలని సీటు. ఇది మర్యాద కాదట.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను నిలబడి సమాధానం చెప్పాను. సింగనమల పోయే దారిలో ఒక ఊరి మొదట్లోనే ఆంజనేయస్వామి గుడి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచొచ్చి చెయ్యడ్డం పెట్టాడు. "కాళ్ళు ముందరికి సాపుకోని పోతాండావే తల్లీ, ఎదురుగ్గా సామి ఉండాడు సూడు" అన్నాడు. కోపం లేదు ఆయన గొంతులో, నిజంగానే బాధ. ఆ మాట నాకు తగిలింది. పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపొద్దని చిన్నప్పటినుంచీ విని పెరిగినదాన్నే గదా నేను. దిగి, దండం పెట్టుకుని, "పెద్దాయనా, ఇది సైకిలే, తొక్కాలంటే కాళ్ళు ముందుకే ఉండాల" అని పెడలు తిప్పి చూపించా. ఆయన చైను ఎక్కడిదాకా పోతుందో వంగి చూసి, వేలితో పళ్ళ చక్రం ముట్టుకుని, "అట్లయితే గుడి దాటేదాకా నెట్టుకోని పో" అని తీర్పు చెప్పాడు. అప్పటినుంచీ ఆ గుడి ముందు దిగి నెట్టుకునే పోతున్నా. అది ఆయనకీ నాకూ మధ్య ఒప్పందం. మిగతా వాళ్ళెవరూ ఇంత న్యాయంగా మాట్లాడలేదు.

"పడుకుని తొక్కడం ఏం తొక్కడం, సోమరితనం కాకపోతే" అనే వాళ్ళున్నారు. వాళ్ళ కోసమే ఈ పాత గొడవ చెప్పాలి. ఫ్రాన్సులో షార్ల్ మోషే అనే ఆయన తన కొడుకు జార్జ్ కోసం నాలుగు చక్రాల పెడలు బండి చేశాడు. రెండు చక్రాల సైకిలంటే పిల్లాడు పడతాడని వాళ్ళావిడ భయపడిందట. తర్వాత అదే పద్ధతిలో పెద్దవాళ్ళకీ చేసి అమ్మాడు, పేరు వెలోకార్. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఇద్దరూ తొక్కే బండి! ఆ వరసలోనే రెండు చక్రాల రికంబెంట్ కూడా కట్టి ఫ్రాన్సిస్ ఫోర్ అనే పోటీగాడికిచ్చాడు. ఫోర్ మొదటి వరసలోని పేరున్న ఆటగాడేమీ కాదు. 1914లో ఆస్కార్ ఎగ్ గంటలో 44.247 కిలోమీటర్లు తొక్కి పెట్టిన రికార్డును ఎంతో కాలంగా ఎవరూ కదిలించలేకపోయారు. 1933 జూలై 7న పారిస్‌లో ఈ ఫోర్ వెనక్కి వాలి కూర్చుని గంటలో 45.055 కిలోమీటర్లు కొట్టాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం వాళ్ళేం చేశారు? 1934లో కూర్చుని, సైకిలంటే ఏమిటో కొలతలతో సహా కొత్తగా రాసుకుని, దీన్ని పోటీల్లోంచి వెళ్ళగొట్టారు. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. అంటే నెమ్మదిగా పోతుందని కాదు, మరీ ముందుకు పోతుందని తీసేశారు. 2016లో అమెరికాలోని నెవాడా ఎడారి రోడ్డు మీద టాడ్ రైకర్ట్ అనే ఆయన ఇట్లాంటి దానికే పైన గుడ్డు ఆకారం తొడుగు వేసి, కాళ్ళ బలంతోనే గంటకు 144 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. మనం సోమరితనం అంటున్నది దీన్ని.

పారిస్ దాకా ఎందుకు, ఆషాఢంలో కళ్యాణదుర్గం రోడ్డెక్కితే తెలిసిపోతుంది. మన సీమ గాలి సంగతి సీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు అందానికి పెట్టలేదు. పడమటి నుంచి కొట్టే ఆ గాలికి మామూలు సైకిలు మీద ఛాతీ ఎత్తి కూర్చున్నవాడు తొక్కుతున్నా నిలబడ్డట్టే ఉంటాడు. వేగం రెట్టింపు చెయ్యాలంటే ఒక్క గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల శక్తి కావాలి, అది లెక్క. మేం వాలి కూర్చుంటాం కాబట్టి గాలికి అడ్డం తగిలే ఒళ్ళు తక్కువ. మాక్కూడా కష్టమే, కాదనను. కానీ పళ్ళు కొరుక్కునేంత కష్టం కాదు. తిరుగు దారిలో అదే గాలి వీపున తోస్తుంటే, దారి పక్క చెనక్కాయ చేలు గబగబా వెనక్కి పోతుంటాయి. ఆ కాసేపు ఆయన చిన్నపిల్లాడై కేకలు పెడతాడు. పోనీలే అని ఊరుకుంటా.

ఎక్కుడు వస్తే మాత్రం రాజ్యం నాది. ఈ సైకిలు మీద లేచి నిలబడి బరువంతా పెడలు మీద వెయ్యడం కుదరదు. బలవంతంగా తొక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. చిన్న గేరులో వేసుకుని కాళ్ళు గిరగిరా తిప్పుకుంటూ పోవాలి, నడకంత నెమ్మదిగా. ఆ నెమ్మదికి రెండు చక్రాల వాడు అటూ ఇటూ ఊగి, చివరికి కాలు కింద పెట్టేస్తాడు. మూడు చక్రాలకి పడేదేముంది? నడిమధ్యలో ఆగి, బ్రేకు వేసి, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరొచ్చు. దిగుడులో ఆయన కనపడకుండా పోతాడు, ఎక్కుడు మీద నేను ముందు చేరి ఎదురుచూస్తా. చదును రోడ్డు మీద, బండ్లు లేనప్పుడు, పక్కపక్కనే పోతాం. ఇన్నేళ్ళూ మోటారు సైకిలు మీద ఆయన వీపుతోనే మాట్లాడాను. ఏమన్నా చెప్తే గాలికి సగం పోయి, "ఆఁ? ఏందీ?" అనేవాడు. ఇప్పుడు మొహం చూసి మాట్లాడుకుంటున్నాం. గొప్ప సంగతులేం కాదు, ఎదురింటి వాళ్ళు తీసుకుపోయిన నిచ్చెన ఇంకా తిరిగివ్వలేదు, ఇట్లాంటివి. మామూలు సైకిలు మీద కళ్ళు ముందు చక్రం మీదే ఉంటాయి, దీని మీద తల సహజంగానే పైకుంటుంది. బుక్కరాయసముద్రం చెరువులో నీళ్ళున్నప్పుడు కట్ట దగ్గర కొంగలు ఎట్లా దిగుతాయో సరిగ్గా చూసింది ఈ సీటు మీదనుంచే.

ఇబ్బందులు లేవని చెప్తే అబద్ధం. "లారీ వాడికి కనపడరు" అనే మాట నిజం. అందుకే హైవే జోలికి పోం. వెనక పొడుగాటి కర్రకి నారింజ రంగు జెండా, ఎర్ర లైటు, రెండు పక్కలా అద్దాలు పెట్టుకున్నాం. నిజానికి మమ్మల్ని చూసి నోరెళ్ళబెట్టి బండి నెమ్మది చేసేవాళ్ళే ఎక్కువ. ఎండ నేరుగా మొహాన కొడుతుంది, ఎనిమిదికల్లా ఇల్లు చేరకపోతే మాడిపోతాం. గతుకుల్లో రెండు చక్రాల వాడు గుంత తప్పించుకుంటాడు, నాకు మూడు జాడలు, ఏదో ఒకటి గుంతలో పడి తీరుతుంది. కుక్కల మొహం నా మొహం ఒకే ఎత్తులో ఉంటాయి. అవి కూడా ఇదేం జంతువని కాసేపు ఆలోచించి వదిలేస్తాయి, మనుషుల కంటే నయం.

స్పీడ్ బ్రేకర్ల గురించి మాత్రం తిట్టకుండా ఉండలేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎక్కి దిగినట్టు తెలియాలి. మన ఊళ్ళలో ఎవరింటి ముందు వాళ్ళు సిమెంటు తెచ్చి గట్టు కట్టేస్తారు. దానికి నా ముందు పళ్ళ చక్రం రాసుకుని కీచుమంటుంటే నా పళ్ళే అరిగినట్టుంటుంది. దాని పక్కనే రోడ్డు మీద కందికట్టె పరిచి ఉంటుంది, వచ్చేపోయే బండ్లు తొక్కి కాయలు రాలుస్తాయని. రైతులనేం అనను, కళ్ళాలు లేవు వాళ్ళకి. దిగి నెట్టుకుపోతా.

ఇక ముళ్ళు. కట్టల మీద పల్లేరుగాయలు, పక్కన సర్కారు కంప. పంచరు కాని ఆదివారం ఉంటే పండగే. తాడిపత్రి బస్టాండు వైపు పంచరు షాపు భాయ్ ఒకాయనున్నాడు. మొదటిసారి ట్రైక్ ఆపినప్పుడు, ఆయన నా మొహం కూడా చూడలేదు. ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని, అటు వేలు పెట్టి, ఇటు వేలు పెట్టి, "అక్కా, ఇరుసు ఒక పక్కనే పట్టుకునుంది, ఇంకో పక్క ఖాళీ!" అన్నాడు. చక్రం విప్పకుండానే టైరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, తొట్టిలో ముంచి బుడగ చూశాడు. మళ్ళీ ఎక్కించాక చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి, ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు. టైరు 20 అంగుళాలది, చిన్నపిల్లల సైకిళ్ళకి వేసేదే సరిపోతుందని చెప్పిందీ ఆయనే. ఎందుకు తొక్కుతున్నారు, ఎవరికి బాగలేదు, ఒక్క ప్రశ్న లేదు. మంచి బండి చూస్తే మనిషికి ముందు పుట్టాల్సింది ఈ ఆశ్చర్యమే గదా!

ఇంకొక మాట, కొందరికి నచ్చదు. "వికలాంగుల బండిలా ఉంది" అని ముక్కు ముడుస్తారే, దానికి నేను సిగ్గుపడాలా? ఒళ్ళు తూకం నిలవని వాళ్ళు, ఒక పక్క బలం తగ్గినవాళ్ళు ఈ ట్రైకుల మీద హాయిగా తిరిగే దేశాలున్నాయి. ఇక్కడ వాళ్ళకి చేత్తో తిప్పే బరువైన మూడుచక్రాల బండి ఇచ్చి, మెడలో దండేసి ఫోటో తీసుకుంటారు. గేర్లు లేని ఆ బండితో ఎక్కుడు ఎట్లా ఎక్కుతారు, ఎదురుగాలికి ఎట్లా పోతారు, వాళ్ళకీ ఒక ఆదివారం ఊరికే చెరువు దాకా పోయి రావాలని ఉండదా, ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. జాలి పడటానికైతే అందరూ ముందే.

తొక్కి చూస్తామని అడిగేవాళ్ళకి ఎప్పుడూ కాదనను. ఆదివారం ఎండెక్కకముందు బుక్కరాయసముద్రం వైపు రండి. పెడలుకి మడమ పట్టీ కట్టకుండా మాత్రం కదలనివ్వను. వేగంలో కాలు జారి నేలకు తగిలిందంటే బండి దాన్ని కిందికి లాగేసుకుంటుంది, అప్పుడు మా చుట్టం చెప్పిన ఆపరేషన్ నిజమే అవుతుంది. మలుపులో వేగం తగ్గించండి, లేకపోతే లోపలి చక్రం లేస్తుంది. లుంగీలు, జారే చున్నీలు ఇంట్లో పెట్టి రండి. అయిపోయాక ఉగ్గాని, బజ్జీ ఖర్చు తొక్కినవాళ్ళదే, మా ఆయనకి రెండు ప్లేట్లు.