రియాక్టర్ బొమ్మ గీసే రోజే దాని చెత్త గురించి కూడా మాట్లాడాలి

కొత్తగా తేవాలనుకుంటున్న చిన్న అణు విద్యుత్ రియాక్టర్ల గురించి ఎక్కడ చర్చ మొదలైనా నేను అడిగే ప్రశ్న ఒకటే. వాడేసిన ఇంధనాన్ని ఏం చేస్తారు? "అది చాలా తక్కువే వస్తుంది, తర్వాత చూసుకోవచ్చు" అని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. అణు విద్యుత్తు మీద నాకేం ద్వేషం లేదు, బొగ్గు వాడకం తగ్గాలంటే అది కావాలనే నమ్ముతాను. అందుకే ఈ మాట గట్టిగా అడుగుతున్నాను.

ముందు ఎంత వస్తుందన్న గొడవ. 2022లో లిండ్సే క్రాల్, ఆలిసన్ మెక్‌ఫర్లేన్, రాడ్నీ యూయింగ్ అనే పరిశోధకులు మూడు డిజైన్ల లెక్క తీసి, అంతే కరెంటుకి చిన్న రియాక్టర్లలో వ్యర్థాల పరిమాణం 2 నుంచి 30 రెట్ల దాకా పెరగొచ్చని రాశారు. మెక్‌ఫర్లేన్ అమెరికా అణు నియంత్రణ సంస్థకి ఒకప్పుడు అధిపతి. కారణం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది: కోర్, అంటే ఇంధనం ఉండే నడిమి భాగం, చిన్నదైతే న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి జారిపోతాయి, చుట్టూ ఉన్న ఉక్కుని తాకి దాన్ని కూడా రేడియోధార్మికంగా మార్చేస్తాయి. ఈ రియాక్టర్లు తయారుచేసే కంపెనీలు ఒప్పుకోలేదు. అదే ఏడాది అమెరికా జాతీయ ప్రయోగశాలల వాళ్లు వేసిన లెక్కలో పెద్ద రియాక్టర్లతో పోలిస్తే మరీ అంత తేడా లేదని వచ్చింది. ఈ పోట్లాట ఎంతకాలమైనా సాగుతుంది. నన్ను భయపెట్టేది మాత్రం ఎంత చెత్త అన్నది కాదు, ఎలాంటి చెత్త అన్నది.

సోడియం సంగతే చూడండి. అమెరికాలో ఐడహోలో ఈబీఆర్-2 అనే రియాక్టర్ 1994 దాకా నడిచింది. దాని ఇంధనం సన్నటి ఉక్కు గొట్టాల్లో ఉండే లోహపు కడ్డీ. కడ్డీకీ గొట్టానికీ మధ్య సందులో వేడి బాగా పారడానికి సోడియం నింపారు. రియాక్టర్ నడిచినంతకాలం అద్భుతమైన ఏర్పాటే. కానీ వాడేకొద్దీ ఆ సోడియం కడ్డీలోకి కూడా ఇంకిపోతుంది, మళ్లీ పిండి తీయలేం. నీళ్లు తగిలితే సోడియం మండుతుంది, హైడ్రోజన్ వదులుతుంది. భూమి లోపల వేల ఏళ్లు ఉంచాల్సిన దానికి ఎప్పుడో ఒకప్పుడు నీరు తగలదని ఎవరు చెప్పగలరు? అందుకే పాతిపెట్టే ముందే దాన్ని శుద్ధి చేయాలి. 1996లో మొదలైన ఆ పని దశాబ్దాల పాటు సాగింది. అదీ ఒక్క ప్రయోగాత్మక రియాక్టర్ ఇంధనానికి!

అమెరికాలోనే ఓక్ రిడ్జ్‌లో కరిగించిన ఉప్పుతో నడిచిన రియాక్టర్‌ది ఇంకో కథ. 1969లో ఆపేసి, ఇంధనం కలిసిన ఉప్పుని ట్యాంకుల్లో గడ్డకట్టనిచ్చి వదిలేశారు. గట్టిపడింది కదా, ఇక కదలదనుకున్నారు. 1994లో చూస్తే అందులోంచి యురేనియం వాయువు రూపంలో తప్పించుకుని పైపుల్లోకి, బొగ్గు ఫిల్టర్‌లోకి చేరి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఏళ్ల తరబడి శుభ్రం చేసే పని పడింది.

జర్మనీలో యూలిష్ రియాక్టర్ ఇంధనం టెన్నిస్ బంతి అంత గ్రాఫైట్ గోళాలు. ఒక్కో గోళంలో ఆవగింజ కంటే చిన్న ఇంధనపు రేణువులు వేలల్లో ఉంటాయి, ఒక్కోదాని చుట్టూ గట్టి పూత. చాలా ఎక్కువ వేడిని తట్టుకోవాలని అలా చేశారు, తట్టుకుంటాయి కూడా. కానీ ఆ గట్టిదనం వల్లే వాటిని విడదీయడం మహా కష్టం. 1988లో రియాక్టర్ మూసేశాక దాదాపు 2,90,000 గోళాలు 152 పీపాల్లో మిగిలాయి. వాటిని ఎక్కడికి పంపాలన్న వివాదం ఏళ్లూ పూళ్లూ నడిచింది.

ఇప్పుడు కొత్తగా వస్తున్న డిజైన్లలో సోడియం ఉంది, ఉప్పు ఉంది, గోళాలు ఉన్నాయి. పైగా వీటిలో చాలావాటికి 5 నుంచి 20 శాతం దాకా శుద్ధి చేసిన, అంటే అందులో యురేనియం-235 వాటాని అంత దాకా పెంచిన, యురేనియం కావాలి. మామూలు రియాక్టర్లకి 5 శాతం లోపే చాలు. శుద్ధి శాతం ఎక్కువైతే ఒక పీపాలో ఎక్కువ ఇంధనం కుక్కడం ప్రమాదం, గొలుసు చర్య మొదలవకుండా చూడాలి కాబట్టి. అంటే పీపాలు పెరుగుతాయి, లేదా కొత్తరకం పీపాలు తయారుచేయాలి.

చక్కగా చేసినవాళ్లు లేకపోలేదు. ఫిన్లాండ్‌లో వాడేసిన ఇంధనాన్ని పాతిపెట్టే ఒన్‌కాలో అనే చోటు కోసం 400 మీటర్లకి పైగా లోతున గట్టి రాయిలో సొరంగాలు తవ్వారు, రాగి పెట్టెలు, చుట్టూ బెంటొనైట్ మట్టి. ఆ పెట్టె కొలతలు కూడా వాళ్ల రియాక్టర్ల ఇంధనాన్ని చూసి పెట్టినవే. తమ దగ్గర ఏ ఇంధనం ఉందో తెలుసు కాబట్టి చేయగలిగారు, అయినా 1980ల్లో మొదలుపెట్టిన పని ఇది! పది రకాల ఇంధనాలు ఒకేసారి వస్తే పది రకాల పెట్టెలు, పది రకాల పరీక్షలు. ఆ ఖర్చు ఎవరి లెక్కలో ఉంది?

కాబట్టి నేను కోరేది ఇది. లైసెన్స్ దరఖాస్తులోనే వాడేసిన ఇంధనాన్ని ఏ రూపంలోకి మారుస్తారో, ఏ పెట్టెలో పెడతారో, ఎవరు తీసుకుంటారో రాసి ఉండాలి. మొదటి యూనిట్ కరెంటు అమ్మిన రోజు నుంచే కంపెనీ చెయ్యి పడని ఖాతాలో డబ్బు జమ కావాలి. కొత్త కంపెనీ పదేళ్లకే మూతపడొచ్చు, ప్లూటోనియం-239 సగం తగ్గడానికే 24,000 ఏళ్లు పడుతుంది. ప్రభుత్వం మాట ఇచ్చింది కదా అని ఊరుకోలేం. 1998 జనవరి 31 నుంచి వాడేసిన ఇంధనాన్ని తీసుకుంటామని అమెరికా ప్రభుత్వం ఒప్పందాలు రాసిచ్చింది, తీసుకోలేదు, ఇప్పటికీ జనం పన్నుల డబ్బుతో విద్యుత్ కంపెనీలకి పరిహారం కడుతోంది.

అమెరికాలోని కొలరాడోలో ఫోర్ట్ సెయింట్ వ్రెయిన్ అని ఒక రియాక్టర్ ఉండేది, ఆ రోజుల్లో అదీ అధునాతనమైనదే. వ్యాపారానికి కరెంటు ఇచ్చింది పదేళ్లు. 1989లో ఆపేసి, తర్వాత ఆ స్థలంలోనే గ్యాస్‌తో విద్యుత్ తయారీ మొదలుపెట్టారు. దాని ఇంధనంలో చాలా భాగం మాత్రం అక్కడే ఒక భవనంలో, కాపలా మధ్య ఇంకా ఉంది.